మన్యాస్తంభం, రూక్షస్వేదం, గ్రీవావస్తి: ఒక చికిత్స ప్రాచీనత

దీర్ఘకాలిక మెడనొప్పికి నేటి పంచకర్మ కేంద్రాలలో విరివిగా చేస్తున్న చికిత్స గ్రీవావస్తి. రోగిని బోర్లా పడుకోబెట్టి, మెడ వెనుక మినపపిండి ముద్దతో గుండ్రని కట్ట కట్టి, అందులో వేడి చేసిన ఔషధ తైలాన్ని కొంతసేపు నిలుపుతారు. ఇది సంహితల కాలం నుంచి మార్పు లేకుండా వస్తున్నదన్న నమ్మకం బలంగా ఉంది. అయితే చరక, సుశ్రుత సంహితలలోగాని, అష్టాంగహృదయంలోగాని ఈ పేరుతో చికిత్స లేదు. వాటిలో మెడకు చెప్పిన వేడి స్వభావమే వేరు.

చరక సంహిత సూత్రస్థానం 20వ అధ్యాయం 80 వాతవికారాలను పేర్కొంటూ గ్రీవాస్తంభాన్ని, మన్యాస్తంభాన్ని విడివిడిగా లెక్కించింది. కారణాలు చెప్పినది సుశ్రుత సంహిత. పగటినిద్ర, ఎగుడుదిగుడు ఆసనాలు, మెడ తిప్పి పైకి చూడటం వల్ల కఫంతో కప్పబడిన వాయువు మన్యాస్తంభాన్ని కలిగిస్తుందని నిదానస్థానం మొదటి అధ్యాయం వివరిస్తుంది. ఇక్కడ కీలకం కఫావరణమే. కేవల వాతమైతే స్నిగ్ధస్వేదం సరిపోయేది. కఫం చేరింది గనుకనే చికిత్సాస్థానం 5వ అధ్యాయం వాతకఫహరమైన నస్యాన్ని, రూక్షస్వేదాన్ని ప్రత్యేకించి విధించింది. అంటే గ్రంథం ఇక్కడ నొక్కి చెప్పింది తైలం నిలపడాన్ని కాదు, పొడి వేడిని.

ఆ పొడి వేడికి సాధనాలేమిటి? చరక సంహిత సూత్రస్థానం 14వ అధ్యాయం అగ్నితో చేసే 13 స్వేదాలను, అగ్ని లేని 10 స్వేదాలను చెప్పింది. మొదటి వర్గంలోని సంకరస్వేదంలో కఫరోగులకు ఇసుక, ధూళి, రాయి, ఎండుపేడ, ఇనుము వంటివి వాడమంది. సుశ్రుతుని తాపస్వేదంలోనూ అరచేయి, కంచుపాత్ర, పెంకు, ఇసుక, వస్త్రం ఉన్నాయి. ఏవీ ఖరీదైనవి కావు. మెడ పట్టేస్తే తెలుగు ఇళ్లలో వేయించిన ఇసుకనో ఉప్పునో గుడ్డలో మూటగట్టి పెట్టే కాపడం ఈ విధానానికే దగ్గర. ఉప్పు చరకుని పట్టికలో లేకపోయినా సూత్రం ఒకటే. వైద్యచరిత్ర రచనలో కాపడానికి ఒక వాక్యమైనా దక్కకపోవడం విచారకరం.

మరి గ్రీవావస్తి రూపం ఎక్కడిది? వాగ్భటుడు అష్టాంగహృదయం సూత్రస్థానం 22వ అధ్యాయంలో వర్ణించిన శిరోవస్తి దీనికి బంధువు. కాని అందులో తైలాన్ని నిలిపేది తల చుట్టూ కట్టే 12 అంగుళాల తోలుపట్టీ. మినపపిండి దాని సందులు మూయడానికే. పిండినే గోడగా కట్టడం 24వ అధ్యాయంలోని నేత్రతర్పణంలో కనిపిస్తుంది. అక్కడ కంటి చుట్టూ యవ, మినపపిండితో రెండు అంగుళాల ఎత్తు కట్ట కట్టమన్నాడు. పేరు శిరోవస్తిని, నిర్మాణం తర్పణాన్ని పోలి ఉన్నాయి. కనుక గ్రీవావస్తిని పాత పద్ధతుల కలయికతో ఏర్పడిన అర్వాచీన రూపంగా భావించడం సమంజసం. అర్వాచీనమైనంత మాత్రాన అది నిష్ప్రయోజనమని కాదు. దాని ఫలితాన్ని రోగులపై పరిశీలించి తేల్చాలి, సుశ్రుతుని సాక్ష్యంతో కాదు.

మన్యాస్తంభాన్ని నేటి సర్వైకల్ స్పాండిలోసిస్‌తో ఏకం చేయడంలోనూ ఇటువంటి తొందరే ఉంది. ఒకటి లక్షణాన్ని, దోషాన్ని బట్టి పెట్టిన పేరు. మరొకటి వెన్నుపూసల అరుగుదలను బట్టి పెట్టినది. చికిత్సకు అవధి నిర్ణయించడంలో కూడా భేదముంది. నేడు గ్రీవావస్తిని నిమిషాలలో, రోజులలో లెక్కిస్తారు. చరక సంహిత మాత్రం చలి, నొప్పి, బిగువు, బరువు తగ్గి శరీరం మెత్తబడి చెమట పట్టగానే స్వేదనం ఆపమంటుంది; మధుమేహులకు, రక్తపిత్తం ఉన్నవారికి, గర్భిణులకు అసలు చేయవద్దంటుంది.