ఆధారాధేయములు: లోహవిద్య నూతనగతి

పంజగుట్టనుండి అమీరుపేట మైత్రీవనము వైపు నడచునపుడు గోడలనిండ శిక్షణాలయముల పేర్లే కానవచ్చును. అందు కొన్ని క్యాడ్, క్యామ్ విద్యలను గఱపునవి. వానిని జూచినపుడెల్ల మాకు కమ్మరికొలిమి జ్ఞప్తికి వచ్చును.

ఈ విద్య నిన్నటిది కాదు. 1952వ సంవత్సరమున అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమువారు, చిల్లులు పొడిచిన పట్టీలోని అంకెల ననుసరించి తనంత నడచు మిల్లింగు యంత్రమును లోకమునకు జూపిరి. 1959లో అచ్చటనే డగ్లసు రాసు పూనికతో నేర్పడిన ‘ఏపీటీ’ యను యంత్రభాష ప్రకటితమయ్యెను. మన నగరమునందు 1968లో బాలానగరమున సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ స్థాపితమయ్యెను.

నేడు విద్యార్థి తెరపై వస్తురూపమును నిర్మించి కత్తి పోవలసిన త్రోవను నిర్ణయించును. న్యాయశాస్త్రమున ఆధారాధేయభావ మను మాట గలదు. లోహఖండము ఆధేయము, దానిని బల్లపై బిగించిపట్టు వైసు, క్లాంపు, ఫిక్స్చరు ఆధారము. ఆధారమును తెరపై జేర్పనిచో గణకయంత్రమున కది లేనట్లే. ఖాళీ యని తలచి కత్తిని నడపించును; ఉక్కుక్లాంపునకు దాకి కత్తి విఱుగును, ఒక్కొకప్పుడు స్పిండిలే చెడును.

మా పూర్వశిష్యుడొకడు ప్రథమశ్రేణి ధ్రువపత్రముతో పనిలో జేరి తొలిమాసముననే యిట్లు కత్తిని విఱుగగొట్టెను. “అయ్యవారూ, చెక్కుట నేర్పిరి గాని పట్టుట నేర్పలేదండీ” యని మాతో మొఱపెట్టుకొనెను. మన ముదుసలి కమ్మరి సుత్తి యెత్తకముందే పట్టుకారును జూచుకొనును గదా! బిడ్డలనచ్చటికి బంపు తల్లిదండ్రులు రుసుము చెల్లింపకమున్నే, బిగింపుపనిని నిజయంత్రముపై జేయింతురా యని యడుగుదురు గాక. మా శిష్యుడిప్పుడు సాయంకాలములందు ఒక వృద్ధమేస్త్రీకడ ఆ పనియే నేర్చుకొనుచున్నాడు.