జెన్నీ లిండ్

జెన్నీ లిండ్ (అక్టోబరు 6, 1820 - నవంబరు 2, 1887) స్వీడన్ దేశానికి చెందిన రంగస్థల నటి, సుప్రసిద్ధ ఒపేరా గాయని. కథ యావత్తూ వాద్యబృంద సహకారంతో గానరూపంలో ప్రదర్శింపబడే పాశ్చాత్య సంగీత నాటకాన్ని ఒపేరా అంటారు. లిండ్‌ది సోప్రానో, అనగా స్త్రీ గాత్రాలలో అత్యున్నత స్థాయికి చెందిన గాత్రం. "స్వీడిష్ నైటింగేల్" అనే బిరుదుతో ఆమె ప్రసిద్ధురాలు. ఇరవయ్యేళ్ళ వయసులో దెబ్బతిన్న గొంతును తిరిగి సాధించుకొని ప్రపంచఖ్యాతి గడించడం, ఆర్జించిన ధనంలో అధికభాగాన్ని విద్యకు, దానధర్మాలకు వెచ్చించడం ఆమె జీవితంలోని విశేషాలు.

బాల్యం, రంగస్థల ప్రవేశం

లిండ్ స్టాక్‌హోమ్ నగరంలో జన్మించింది. తొమ్మిదేళ్ళ ప్రాయంలో కిటికీ వద్ద కూర్చొని తన పిల్లికి పాట వినిపిస్తుండగా, ఒక నర్తకి పరిచారిక ఆలకించి యజమానురాలికి తెలిపిందని, తత్ఫలితంగా ఆ బాలికకు రాజ నాటకశాల శిక్షణాలయంలో ప్రవేశం లభించిందని చెబుతారు. అక్కడ నటన, సంగీతం అభ్యసిస్తూ బాలనటిగా అనేక పాత్రలు ధరించింది. 1838 మార్చి 7న వేబర్ రచించిన "డెర్ ఫ్రైషుట్జ్" ఒపేరాలో అగాథె పాత్రతో గాయనిగా పేరు పొందింది. 1840లో రాజాస్థాన గాయనిగా నియమితురాలయింది.

గాత్ర పునరుద్ధరణ

సరైన శిక్షణ లేకుండా ఎడతెగక పాడటం వలన ఆమె గొంతు దెబ్బతిన్నది. 1841లో పారిస్ వెళ్ళి ప్రఖ్యాత గాత్రగురువు మాన్యుయెల్ గార్సియాను ఆశ్రయించింది. ఆయన ఆమెను పరీక్షించి, కొన్ని వారాలపాటు పూర్తిగా మౌనం పాటించాలని ఆదేశించాడు. అనంతరం ఊపిరి పట్టడం మొదలుకొని స్వరసాధన వరకు అన్నీ మళ్ళీ నేర్పాడు. స్వరపేటికను అద్దం సహాయంతో పరిశీలించే పద్ధతిని 1850వ దశకంలో వెలుగులోకి తెచ్చినవాడు ఈ గార్సియాయే. 1842లో స్వదేశానికి తిరిగివచ్చిన లిండ్, బెల్లినీ రచించిన "నోర్మా"లో పాడి శ్రోతలను ముగ్ధులను చేసింది.

యూరప్‌లో కీర్తి

1844లో బెర్లిన్‌లోను, 1847 మే 4న లండన్‌లోను ఆమె తొలి ప్రదర్శనలు జరిగాయి. లండన్ ప్రదర్శనకు విక్టోరియా రాణి హాజరయింది. స్వరకర్త మెండెల్సన్ ఆమెకు ఆప్తమిత్రుడు. "ఎలైజా" అనే కృతిలో సోప్రానో భాగాన్ని ఆయన ఆమె గాత్రాన్ని దృష్టిలో ఉంచుకొని కూర్చాడు. 1847లో ఆయన మరణించగా, మరుసటి సంవత్సరం లండన్‌లో ఆ కృతినే పాడి, ఆయన పేరిట ఉపకారవేతన నిధికి సుమారు వెయ్యి పౌండ్లు సమకూర్చింది. 1856లో ఆ వేతనం పొందిన మొదటి విద్యార్థి ఆర్థర్ సల్లివన్ తరువాత ప్రసిద్ధ స్వరకర్త అయ్యాడు. 1849 మే 10న, 28 ఏళ్ళ వయసులో, లిండ్ ఒపేరా రంగం నుండి విరమించింది. తరువాత కచేరీలకే పరిమితమయింది.

అమెరికా పర్యటన

ప్రదర్శనల నిర్వాహకుడు పి.టి. బార్నమ్ ఆహ్వానంపై 1850లో అమెరికా వెళ్ళింది. సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో తొలి కచేరీ జరిగింది. బార్నమ్ ఆధ్వర్యంలో 93 కచేరీలు చేసి సుమారు మూడున్నర లక్షల డాలర్లు ఆర్జించింది. ఆ ధనాన్ని స్వీడన్‌లోని ఉచిత పాఠశాలలకు, ఇతర ధర్మకార్యాలకు వినియోగించింది. బార్నమ్ ప్రచార ఆర్భాటం నచ్చక 1851లో అతనితో ఒప్పందం ముగించుకొని, స్వయంగా పర్యటన కొనసాగించింది. 1852 ఫిబ్రవరి 5న బోస్టన్‌లో పియానో విద్వాంసుడు ఒట్టో గోల్డ్‌ష్మిట్‌ను వివాహమాడింది.

చివరి జీవితం

తరువాత ఈ దంపతులు ఇంగ్లండులో స్థిరపడ్డారు. వీరికి ముగ్గురు సంతానం. 1883లో ప్రారంభమైన రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో లిండ్ గాత్ర ఆచార్యురాలిగా పనిచేసింది. 1887లో మాల్వర్న్ కొండలలోని స్వగృహంలో మరణించింది. లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబేలో ఆమె స్మారక ఫలకం ఉంది. 1996లో స్వీడన్ విడుదల చేసిన 50 క్రోనాల నోటుపై ఆమె చిత్రాన్ని ముద్రించారు. 2015లో దాని స్థానంలో కొత్త నోటు వచ్చింది. ఆమె పాడిన పాటల ధ్వనిముద్రణ ఏదీ లభించడం లేదు. ఆమె గాత్ర మాధుర్యాన్ని సమకాలికుల రచనల ద్వారా మాత్రమే తెలుసుకోగలం.