ఆలందూరు మురుగునీటి పథకం: పురపాలక భాగస్వామ్యంలో నష్టభయం పంపకం

సారాంశం: ఖజానా చాలని పురపాలక సంఘానికి ప్రైవేటు పెట్టుబడే దారి అనే వాదన తరచూ వినిపిస్తుంది. ఏ నష్టాన్ని ఎవరు మోయాలో ముందే తేల్చుకోవడం పెట్టుబడి కన్నా ముఖ్యమని, అప్పట్లో చెన్నైని ఆనుకొని ఉన్న ఆలందూరు అనుభవం ఆధారంగా ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

నేపథ్యం

1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, 12వ షెడ్యూలులో పట్టణ సంస్థలకు 18 విధులను సూచించింది. వాటికి తగిన ఆదాయ వనరులు మాత్రం సమకూరలేదు. ఆలందూరులో ఇళ్ల మురుగు సెప్టిక్ ట్యాంకులకే చేరేది. 1996లో ఎన్నికైన పాలకవర్గం భూగర్భ మురుగునీటి వ్యవస్థను తలపెట్టింది. అంచనా వ్యయం సుమారు 34 కోట్ల రూపాయలు.

నిధులు, ఒప్పందం

నివాసాల నుంచి 5,000 రూపాయల చొప్పున కనెక్షన్ డిపాజిట్ వసూలు చేశారు. మిగతా సొమ్ము ప్రధానంగా తమిళనాడు పట్టణాభివృద్ధి సంస్థల రుణాలు, గ్రాంట్ల రూపంలో వచ్చింది. హైదరాబాద్‌కు చెందిన ఐవీఆర్‌సీఎల్ కంపెనీ, వీఏ టెక్ వాబాగ్‌తో కలిసి పనులు దక్కించుకుంది. పైపులైన్లకు చేసిన పనిని బట్టి మున్సిపాలిటీ చెల్లించింది. శుద్ధి కేంద్రాన్ని మాత్రం నిర్మించి, నడిపి, గడువు తీరాక అప్పగించే బీవోటీ పద్ధతికి వదిలింది. శుద్ధి చేసిన నీటి పరిమాణాన్ని బట్టి చెల్లింపు. కనీస పరిమాణానికి మున్సిపాలిటీ హామీ.

విశ్లేషణ

వీధుల కింద తవ్వేటప్పుడు ఏ రాయి, ఏ పాత పైపు తగులుతుందో ముందు తెలియదు. ఆ అనిశ్చితిని కంపెనీ నెత్తిన పెడితే అది టెండరు ధర రూపంలో తిరిగి మున్సిపాలిటీ మీదే పడుతుంది. శుద్ధి కేంద్రం పని అలా కాదు, మీటరుతో కొలవవచ్చు. అందుకే ప్రైవేటు పెట్టుబడిని అక్కడికే పరిమితం చేయడం సబబు.

కనీస హామీలో ఒక మెలిక ఉంది. ఇళ్లు కనెక్షన్ తీసుకోకపోతే, రాని మురుగుకూ మున్సిపాలిటీ డబ్బు కట్టాలి. డిపాజిట్ విలువ ఇక్కడే తెలుస్తుంది. అది నిధి మాత్రమే కాదు. ముందే డబ్బు కట్టిన ఇల్లు కనెక్షన్ వదులుకోదు. అంటే జనం సొమ్ము ఒప్పందంలోని బలహీనతకు పూచీగా నిలిచింది.

పరిమితి

డిపాజిట్ కట్టగల కుటుంబాలున్న నగర శివారులో సాధ్యమైనది, కూలీలు ఎక్కువగా ఉండే పట్టణంలో రాయితీలూ వాయిదాలూ లేకుండా సాగదు. పైగా 2011లో ఆలందూరు చెన్నై కార్పొరేషన్‌లో కలిసిపోయింది. దీర్ఘకాల ఒప్పందంపై సంతకం చేసిన స్థానిక సంస్థే గడువు దాకా ఉంటుందన్న భరోసా లేదు.

ముగింపు

ఆలందూరులో ప్రైవేటు పెట్టుబడి పునాది కాదు, పైఅంతస్తు. తెలుగు రాష్ట్రాల మున్సిపాలిటీలు టెండరు పిలిచే ముందు, ఎన్ని ఇళ్లు కనెక్షన్‌కు డబ్బు కట్టడానికి సిద్ధంగా ఉన్నాయో లెక్కించాలి. ఆ లెక్క లేకుండా కనీస హామీపై సంతకం చేయరాదు.