చావడిలోని రేడియో, ఊరివారి మాట

మా ఉంగుటూరు ప్రాంతమున సర్కారు మాట ప్రజల చెవిని పడుటకు పూర్వము టముకే సాధనము. తలారి వీథి మొగను నిలిచి, శిస్తు గడువునో, కాలువలు కట్టివేయు దినమునో చాటిపోవువాడు. వినుటయే గాని బదులు చెప్పుట లేదు. చెప్పినను పాపము తలారి యేమి చేయగలడు? రేడియో సైతము మొదట మరియొక పెద్ద టముకుగనే మాకు వచ్చినది.

చిత్రమేమనగా, మదరాసు రాజధానిలో రేడియోను క్రమముగా నడపినది మొదట ఒక స్థానిక సంస్థయే. 1924లో కొందరు ఔత్సాహికులు పెట్టిన క్లబ్బు 1927లో మూతపడగా, వారి యంత్రముతో మదరాసు నగరపాలక సంస్థ 1930 ఏప్రిలు 1వ తేదీ నుండి ప్రసారములు సాగించెను. సముద్రతీరమున షికారునకు వచ్చినవారు సంగీతము వినిరి. 1938లో ఆకాశవాణి మదరాసు కేంద్రమును, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రమును వెలసినవి.

ఊరివారికి బదులు చెప్పు వీలు కల్పించిన ప్రయత్నము 1956లో పూనా కేంద్రమున జరిగినది. కెనడా రైతుల రేడియో సభలను చూచి, యునెస్కో సాయముతో, మరాఠీ దేశమున సుమారు 150 గ్రామములను ఎన్నుకొనిరి. ఒక్కొక్క గ్రామమున ఇరువదిమంది వరకు చావడిలో కూడి, వారమునకు రెండుమార్లు అరగంట ప్రసారము విని, పెట్టె కట్టివేసి, దానిపై తర్కించెడివారు. తీరని సందేహములను వ్రాసి కేంద్రమునకు పంపగా, సమాధానములు తిరిగి ప్రసారములోనే వచ్చెడివి. పాల్ న్యూరాత్ అను పండితుడు, రేడియో ఉండియు కూటము లేని ఊళ్లను, రేడియోయే లేని ఊళ్లను గూడ పరీక్షించెను. కూటములున్నచోట తెలివిడి మిక్కిలి హెచ్చినది. ఉత్త రేడియో ఉన్నచోట అంతగా హెచ్చలేదు. కొన్ని ఊళ్లు కేవలము వినుటతో ఆగక బావులు త్రవ్వించుకొనినవి. 1959లో ఈ పద్ధతిని దేశమంతట వ్యాపింపజేసిరి. రాజస్థానము వెనువెంటనే మన రాష్ట్రమున పంచాయతీరాజ్యము వచ్చినదియు ఆ యేటనే.

అది చూచి మా వీథివారమును ఒక కూటము పెట్టితిమి. నేను వ్రాయసకాడను. మెరక పొలముల మురుగు పల్లమునకు దిగి కొల్లేరు చేరును. బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలియును. సముద్రమునకు దారి ఉప్పుటేరొక్కటే. మేము మురుగుకాలువ త్రవ్వుకొన్నచో లంకవారి పైరు మునుగునా, ఆ ఖర్చు ఎవరు భరింపవలెనని పెద్దలు రాత్రి ప్రొద్దుపోవువరకు వాదులాడిరి. కడకు ప్రశ్న వ్రాసి పంపితిమి. ఏ కార్యాలయమున చిక్కుకొన్నదో, బదులు రాలేదు. మూడు నెలలకు కూటము చెదరిపోయినది. నా యెరుకలో, పెట్టె చెడిపోయిన ఊళ్లకన్న ఉత్తరమునకు బదులురాక విసిగిన ఊళ్లే ఎక్కువ.

1999లో కొల్లేటిని అయిదడుగుల కాంటూరు వరకు అభయారణ్యముగా ప్రకటించిరి. 2006లో ఆ మేరలోని చేపలచెరువుల గట్లు తెగగొట్టిరి. సరస్సును కాపాడుట అవసరమే, కాదనను. కాని నేను వినిన వార్తలో లంకవారి గొంతు ఒక్కటియు లేదు. మరల టముకే వినబడినది.

జహీరాబాదు చెంత మాచనూరున 2008 అక్టోబరు 15న దళిత స్త్రీలు సంగం రేడియోను తామే నడపసాగిరి. ఆ సంగతి వినిన దినమున నా పెట్టె వెదకి చూచితిని. మా మురుగుకాలువ ప్రశ్న నకలు అందే ఉన్నది.