గోల్కొండ నుంచి బందరుకు ఎంత దూరం?

హైదరాబాదు నుంచి మచిలీపట్నానికి ఎంత దూరమని అడిగితే, రోడ్డు మీద సుమారు 340 కిలోమీటర్లని మీరు వెంటనే చెప్పగలరు. విమానమైతే శంషాబాదు నుంచి గన్నవరానికి సుమారు గంట. చరిత్ర విద్యార్థికి ఈ అంకెలు చాలవు. 17వ శతాబ్దపు బాటసారి దూరాన్ని మజిలీల్లో లెక్కపెట్టుకున్నాడు.

గోల్కొండ రాజ్యంలో తిరిగిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే ఈ దారిని 100 క్రోసులని రాశాడు. క్రోసంటే మన వాడుకలో రెండు మైళ్లు, ఆమడలో నాలుగో వంతు. అలా చూస్తే 320 కిలోమీటర్లు, నేటి లెక్కకు దగ్గరే. ఇక్కడ తొందరపడకండి. క్రోసు ఊరూరికీ మారేది. తావెర్నియే తానే దాన్ని సుమారు ఒక ఫ్రెంచి లీగు అన్నాడు. లీగు నాలుగు కిలోమీటర్ల పైమాటే కనుక, దారి 400 దాటిపోతుంది! రోజుకు పది క్రోసులు నడిస్తే పది రోజులు అన్న లెక్క మాత్రం ఏ కొలతకైనా నిలుస్తుంది. అందుకే ఆధారాలు చదివేటప్పుడు మైళ్ల కంటే రోజులను నమ్మడం మేలు.

కొల్లూరు గని మీదుగా వెళితే 112 క్రోసులని కూడా ఆయన రాశాడు. కొల్లూరు వేదాద్రికి ఎగువన, కృష్ణకు అవతలి ఒడ్డున ఉండేది; ఇప్పుడు పులిచింతల జలాశయంలో మునిగింది. అటు వెళ్లి బందరు చేరాలంటే కృష్ణను రెండుసార్లు దాటాలి. వజ్రాల వర్తకుడికి ఆ పన్నెండు క్రోసులు చుట్టుదారి కాదు, అసలు పని.

నేటి 65వ నంబరు జాతీయ రహదారి జగ్గయ్యపేట, నందిగామల మీదుగా సాగుతుంది. కుతుబ్‌షాహీల నాటి పటం గీసేటప్పుడు మాత్రం 'జగ్గయ్యపేట' అని రాయకండి. అప్పటికి అది బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తన తండ్రి పేరు పెట్టింది తరవాతి కాలంలో. అక్కడి బౌద్ధ స్తూపాన్ని చూస్తే ఆ ఊరు గోల్కొండ కంటే ఎంతో పాతదని తెలుస్తుంది.

ఈ మెట్టప్రాంతంలో ప్రయాణాన్ని శాసించినవి కొండలకంటే ఏళ్లు: పాలేరు, మున్నేరు. వానాకాలంలో ఏరు పొంగితే ఎడ్లూ బోయీలూ ఒడ్డునే ఆగాలి. సముద్రపు ఓడలు గాలివాలును బట్టి కదిలేవి, సరుకు కోసం ఎంతకాలమని ఆగుతాయి? ఒడ్డున పోయిన నాలుగు రోజులు రేవులో కొన్ని నెలల నష్టం కావచ్చు.

ఇది గతించిన సంగతి అనుకోకండి. 2023 జులైలో నందిగామ దగ్గర ఐతవరం వద్ద మున్నేరు రహదారిపైకి వచ్చి వాహనాలు నిలిచిపోయాయి. 2024 సెప్టెంబరులో గరికపాడు వద్ద పాలేరు వంతెన దెబ్బతింది.

అభ్యాసం: కృష్ణా, మున్నేరు, పాలేరులను చూపే పటం తీసుకుని గోల్కొండ నుంచి బందరుకు పది మజిలీలు గుర్తించండి. ఏ మజిలీ ఏ ఏటి ఒడ్డున పడిందో, అక్కడే ఎందుకు ఆగవలసి వచ్చేదో రాయండి.