ఔట్‌బోర్డ్ ఇంజన్: ప్రొపెల్లర్ హబ్ జారుతోందని గుర్తించడం ఎలా?

ఇంజన్ హోరు పెరిగినా పడవ వేగం పెరగకపోతే, గేర్‌బాక్స్ విప్పించే ముందు ప్రొపెల్లర్ హబ్‌ను చూడండి.

చాలా ప్రొపెల్లర్లలో షాఫ్టుపై కూర్చునే లోపలి గొట్టానికీ, రెక్కలున్న బయటి భాగానికీ మధ్య రబ్బరు బుష్ ఉంటుంది. రెక్క రాయికో దుంగకో తగిలితే ఆ దెబ్బ గేర్లకు చేరకుండా ఇది కాపాడుతుంది. బుష్ పట్టు వదిలితే షాఫ్టు తిరుగుతుంది గానీ రెక్కలకు బలం అందదు.

లక్షణాలు
• నెమ్మదిగా నడిపితే పడవ బాగానే పోతుంది.
• థ్రాటిల్ పెంచగానే ఇంజన్ హోరెత్తుతుంది, వేగం రాదు.

వల చుట్టుకున్నా, రెక్క వంగినా, ఇంజన్ మరీ ఎత్తుగా బిగించినా ఇలాగే ఉంటుంది. ముందు వాటిని సరిచూసుకోండి.

గీత పరీక్ష
1. ఇంజన్ ఆపి, కిల్ స్విచ్ తాడు, ప్లగ్ వైర్లు తీసేయండి.
2. వాషర్ల వరుస గుర్తుపెట్టుకుంటూ ప్రొపెల్లర్ విప్పి తుడవండి. లోపలి గొట్టం నుంచి రబ్బరు మీదుగా బయటి భాగం వరకు పెయింట్‌తో తిన్నగా గీత గీయండి.
3. ఆరాక అన్నీ బిగించి, ఒడ్డు దగ్గరే లోడుతో నడిపి, ఇంజన్ ఆపి మళ్లీ మొదటిలాగే విప్పి చూడండి. గీత తప్పితే హబ్ జారినట్టే.

నడిసంద్రంలో జారితే
థ్రాటిల్ పెంచవద్దు, రబ్బరు వేడెక్కి ఉన్న పట్టూ పోతుంది. జారని వేగంలోనే ఒడ్డుకు రండి.

హబ్‌కు వెల్డింగ్ చేయించవద్దు. తర్వాతి దెబ్బ నేరుగా గేర్లకే తగులుతుంది. కొత్త బుష్‌ను వర్క్‌షాపులో ప్రెస్‌తో ఎక్కించాలి, లేదా ప్రొపెల్లర్ మార్చాలి. వేటకు వెళ్లేటప్పుడు స్పేర్ ప్రొపెల్లర్, నట్టు, కాటర్ పిన్, స్పానర్ తప్పక తీసుకెళ్లండి.