కెనడా: భౌగోళిక స్వరూపం, వాతావరణం, ప్రభుత్వ వ్యవస్థ - ఒక పరిచయం

విస్తీర్ణం రీత్యా రష్యా తరువాత ప్రపంచంలో అతి పెద్ద దేశం కెనడా. దాని మొత్తం విస్తీర్ణం సుమారు 99.84 లక్షల చదరపు కిలోమీటర్లు. ఇది భారతదేశ విస్తీర్ణానికి దాదాపు మూడు రెట్లు. జనాభా మాత్రం నాలుగు కోట్లను 2023లోనే తొలిసారిగా దాటినది. అంటే 2011 జనాభా లెక్కల నాటికి నేటి ఆంధ్రప్రదేశ్ భూభాగంలో నివసించిన వారి కంటే తక్కువ మంది ప్రజలు ఒక ఖండమంత విశాలమైన దేశంలో నివసిస్తున్నారు. ఈ వ్యత్యాసం, ఉత్తర ధ్రువ ప్రాంతానికి గల సామీప్యం అనే రెండు అంశాలు ఆ దేశపు ఆర్థిక జీవనాన్నే గాక పరిపాలనా వ్యవస్థను కూడా తీర్చిదిద్దినవి.

ఉన్నత విద్య, ఉద్యోగాల నిమిత్తం తెలుగు రాష్ట్రాల నుండి అనేకమంది యువతీయువకులు కెనడా వెళుతున్నారు. అక్కడి మంచు తుపానులు, కార్చిచ్చులు, వీసా నిబంధనల వార్తలు ఇక్కడి వేలాది కుటుంబాలకు ఆందోళన కలిగించే విషయాలైనవి. అటువంటి సందర్భాలలో ఏ బాధ్యత ఏ ప్రభుత్వానిదో స్పష్టత లేకపోవడం వలన వార్తలలోను, ఉత్తర ప్రత్యుత్తరాలలోను పొరపాట్లు దొర్లుతున్నవి. పాత్రికేయులకు, అధికారులకు ఉపయోగపడగల మౌలిక సమాచారం ఈ వ్యాసంలో పొందుపరచబడినది.

భౌగోళిక స్వరూపం

కెనడాకు తూర్పున అట్లాంటిక్, పశ్చిమాన పసిఫిక్, ఉత్తరాన ఆర్కిటిక్ మహాసముద్రాలు ఉన్నవి. రెండు లక్షల కిలోమీటర్లకు మించిన సముద్రతీరంతో ఈ విషయంలో ప్రపంచంలో ప్రథమ స్థానం కెనడాదే. దక్షిణాన, వాయవ్యాన అలాస్కా వైపున అమెరికా సంయుక్త రాష్ట్రాలతో 8,891 కిలోమీటర్ల సరిహద్దు కలదు. రెండు దేశాల మధ్య ఇంత పొడవైన సరిహద్దు ప్రపంచంలో మరొకటి లేదు. హాన్స్ అనే చిన్న దీవిని పంచుకొనడానికి 2022లో డెన్మార్క్‌తో కుదిరిన ఒప్పందం వలన గ్రీన్‌లాండ్‌తో కూడా భూసరిహద్దు ఏర్పడినది.

దేశానికి మధ్యభాగాన హడ్సన్ అఖాతం చుట్టూ గుర్రపునాడా ఆకారంలో అతి ప్రాచీనమైన శిలాభూమి విస్తరించి ఉన్నది. దీనిని కెనడియన్ షీల్డ్ అంటారు. దేశ భూభాగంలో సుమారు సగం ఆక్రమించిన ఈ ప్రాంతంలో మట్టిపొర పలుచన. సాగుకు పనికిరాదు. కాని నికెల్, రాగి, బంగారం వంటి ఖనిజాలకు, అడవులకు, లెక్కకు మించిన సరస్సులకు ఇది నిలయం. ఈ శిలాభూమికి పశ్చిమాన మానిటోబా, సస్కాచెవాన్, అల్బెర్టా రాష్ట్రాలలో ప్రయరీ మైదానాలు ఉన్నవి. గోధుమ, కనోలా, పప్పుధాన్యాలు ఇక్కడ పండుతాయి. భారతదేశానికి దిగుమతి అయ్యే ఎర్ర కందిపప్పు, అంటే మసూర్ పప్పులో గణనీయమైన భాగం సస్కాచెవాన్ పొలాల నుండి వచ్చేదే.

మైదానాల తరువాత రాకీ పర్వతాలు, వాటికి ఆవల పసిఫిక్ తీరం ఉన్నవి. దేశంలోకెల్లా ఎత్తయిన లోగన్ శిఖరం 5,959 మీటర్ల ఎత్తుతో యూకాన్ ప్రాంతంలో ఉన్నది. ఆర్కిటిక్ ద్వీపసముదాయంలోని బాఫిన్ దీవి ప్రపంచంలోని అతి పెద్ద దీవులలో అయిదవది. తూర్పున ఫండీ అఖాతంలో సముద్రపు పోటు 16 మీటర్ల వరకు లేస్తుంది.

ఇంత విశాలమైన దేశమైనప్పటికీ జనావాసం దక్షిణ సరిహద్దు వెంట సన్నని పట్టీ వలె సాగినది. క్యూబెక్ నగరం నుండి ఆంటారియో నైరుతి కొసన ఉన్న విండ్సర్ వరకు గల నదీ, సరస్సుల ప్రాంతంలోనే దేశ జనాభాలో సుమారు సగం మంది నివసిస్తున్నారు. మాంట్రియల్, టొరంటో, రాజధాని ఒట్టావా ఈ ప్రాంతంలోనివే. ఈ పట్టీని ఒక్క దేశంగా నిలిపినది రైలుమార్గం. తూర్పు ప్రాంతంతో రైలుమార్గం ద్వారా కలుపుతామన్న హామీ మీద బ్రిటిష్ కొలంబియా 1871లో సమాఖ్యలో చేరినది. ఆ మార్గం 1885 నవంబరులో పూర్తయినది.

దేశం ఆరు కాలమండలాలుగా విభజించబడినది. భారత కాలమానం వలెనే న్యూఫౌండ్‌లాండ్ కాలమానంలో కూడా అరగంట తేడా ఉండడం ఒక విశేషం.

వాతావరణం

కెనడా అంతటా ఒకే శీతల వాతావరణం ఉంటుందనుకొనడం సరికాదు. పసిఫిక్ తీరాన ఉన్న వాంకూవర్‌లో శీతాకాలం మంచు కంటే వానలతోనే ఎక్కువగా గడుస్తుంది. సముద్రానికి దూరాన మైదానంలో ఉన్న విన్నిపెగ్‌లో జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నాకు 16 డిగ్రీల దిగువన ఉంటుంది. అక్కడే జులైలో పగటి ఉష్ణోగ్రత 25 డిగ్రీలకు చేరుతుంది. అల్బెర్టాలో రాకీ పర్వతాల మీదుగా వీచే చినూక్ అనే వెచ్చని గాలి నడిశీతాకాలంలో కొద్ది గంటలలోనే మంచును కరిగించివేస్తుంది. ఉత్తరాన చెట్లు పెరగని టండ్రా భూములలో వేసవి కొద్ది వారాలు మాత్రమే.

దేశంలో నమోదైన కనిష్ఠ ఉష్ణోగ్రత సున్నాకు 63 డిగ్రీల దిగువ. 1947 ఫిబ్రవరి 3న యూకాన్‌లోని స్నాగ్ వద్ద ఇది నమోదైనది. గరిష్ఠ ఉష్ణోగ్రత 2021 జూన్ 29న బ్రిటిష్ కొలంబియాలోని లిట్టన్ గ్రామంలో నమోదైన 49.6 డిగ్రీలు. రామగుండం, రెంటచింతల వేసవులు ఎరిగిన వారికి సైతం ఈ అంకె అసాధారణమైనదే. 50 డిగ్రీల ఉత్తర అక్షాంశాన ఉన్న ఊరిలో ఇది నమోదు కావడం శాస్త్రవేత్తలను నివ్వెరపరచినది. మరునాడే కార్చిచ్చు ఆ గ్రామంలో అధిక భాగాన్ని దహించివేసినది. ఆ వడగాడ్పుల వలన బ్రిటిష్ కొలంబియాలో 619 మంది మరణించినట్లు ఆ రాష్ట్ర మరణ విచారణాధికారుల నివేదిక వెల్లడించినది. మృతులలో అత్యధికులు ఇళ్లలోనే ప్రాణాలు విడిచిన వృద్ధులు. చలిని తట్టుకొనేందుకు కట్టిన ఇళ్లు వేడిని బయటకు పంపలేకపోయినవి.

కెనడా ప్రపంచ సగటు కంటే దాదాపు రెట్టింపు వేగంతో వేడెక్కుతున్నదని కేంద్ర ప్రభుత్వం 2019లో ప్రచురించిన శాస్త్రీయ నివేదిక తెలిపినది. 1948 నుండి 2016 వరకు దేశ సగటు ఉష్ణోగ్రత 1.7 డిగ్రీలు, ఉత్తర ప్రాంతంలో 2.3 డిగ్రీలు పెరిగినట్లు అందులో పేర్కొనబడినది. ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే నేల కరగడం వలన ఉత్తరాన రోడ్లు కుంగుతున్నవి, భవనాలు బీటలు వారుతున్నవి. గడ్డకట్టిన సరస్సుల మీదుగా శీతాకాలంలో లారీలు నడిచే మంచు రహదారులపై ఉత్తరాది గనులు, గ్రామాలు ఆధారపడి ఉన్నవి. 2006లో శీతాకాలం వెచ్చగా ఉండి రహదారి ముందుగానే మూతపడడంతో వజ్రాల గనులకు ఇంధనాన్ని, సామగ్రిని విమానాలలో చేరవేయవలసి వచ్చినది.

2023లో సంభవించిన కార్చిచ్చులు కెనడా చరిత్రలో అతి పెద్దవి. సుమారు 1.5 కోట్ల హెక్టార్ల భూమి అగ్నికి ఆహుతి అయినది. ఇది ఇంచుమించు ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విస్తీర్ణంతో సమానం. ఆ ఆగస్టులో వాయవ్య ప్రాంతాల రాజధాని యెల్లోనైఫ్ నుండి సుమారు ఇరవై వేలమంది నగరాన్ని విడిచి వెళ్లవలసి వచ్చినది.

వాతావరణ వార్తల విషయంలో పాత్రికేయులు గమనించవలసిన అంశం ఒకటి ఉన్నది. కెనడా వాతావరణ శాఖ ఉష్ణోగ్రతతో పాటు, గాలి వేగాన్ని లెక్కలోనికి తీసుకొని శరీరానికి తోచే చలిని సూచించే విండ్ చిల్ సూచికను కూడా ప్రకటిస్తుంది. దానిని డిగ్రీలలో చెప్పరు. ఈ సూచికను అసలు ఉష్ణోగ్రతగా పేర్కొనరాదు.

ప్రభుత్వ వ్యవస్థ

కెనడా రాజ్యాంగబద్ధ రాచరికం, పార్లమెంటరీ ప్రజాస్వామ్యం, సమాఖ్య వ్యవస్థ కలగలిసిన దేశం. బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం ద్వారా 1867 జులై 1న ఆంటారియో, క్యూబెక్, నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రాలతో సమాఖ్య ఏర్పడినది. చివరిగా 1949లో చేరిన రాష్ట్రం న్యూఫౌండ్‌లాండ్. 1931 నాటి వెస్ట్‌మినిస్టర్ శాసనంతో కెనడాకు శాసన స్వాతంత్ర్యం లభించినప్పటికీ, రాజ్యాంగాన్ని స్వయంగా సవరించుకొనే అధికారం 1982 ఏప్రిల్ 17న మాత్రమే పూర్తిగా సంక్రమించినది. పౌరుల హక్కులు, స్వేచ్ఛల పత్రం ఆనాడే రాజ్యాంగంలో భాగమైనది.

దేశాధినేత కింగ్ చార్లెస్ 3. ఆయన పక్షాన గవర్నర్ జనరల్ విధులు నిర్వర్తిస్తారు. 2021లో ఈ పదవి చేపట్టిన మేరీ సైమన్ ఆ స్థానాన్ని అధిష్టించిన తొలి ఆదివాసీ. వాస్తవ కార్యనిర్వహణాధికారం ప్రధానమంత్రి, మంత్రివర్గం చేతులలో ఉంటుంది. మార్క్ కార్నీ 2025 మార్చిలో ప్రధానిగా బాధ్యతలు స్వీకరించినారు. ఆ ఏప్రిల్ 28న జరిగిన ఎన్నికలలో ఆయన నాయకత్వంలోని లిబరల్ పార్టీ అత్యధిక స్థానాలు పొందినది. దిగువ సభ అయిన హౌస్ ఆఫ్ కామన్స్‌లో 343 మంది సభ్యులు ఉన్నారు. ఎగువ సభ సెనేట్‌లో 105 స్థానాలు ఉన్నవి. సెనేటర్లు ఎన్నికైనవారు కారు. ప్రధానమంత్రి సలహాపై నియమితులై 75 ఏళ్ల వయస్సు వరకు కొనసాగుతారు. సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఉండగా వారిలో ముగ్గురు క్యూబెక్‌కు చెందినవారై ఉండాలి.

దేశంలో పది రాష్ట్రాలు, మూడు ప్రాంతాలు ఉన్నవి. రాష్ట్రాల అధికారాలు రాజ్యాంగం నుండి సంక్రమించినవి. ప్రాంతాల అధికారాలు పార్లమెంటు చట్టాల ద్వారా ఇవ్వబడినవి. రాష్ట్ర ప్రభుత్వాధినేతను ప్రీమియర్ అంటారు. ఈ పదవి మన ముఖ్యమంత్రి పదవి వంటిది. ప్రధాని అని అనువదించరాదు. అన్ని రాష్ట్రాలలోను ఒకే సభ ఉన్నది. క్యూబెక్ తన ఎగువ సభను 1968లో రద్దు చేసినది.

భారతీయ పాఠకులకు ఈ సమాఖ్యలో పరిచయమైన లక్షణాలు అనేకం కానవస్తాయి. అవశిష్టాధికారాలను కేంద్రానికి అప్పగించడంలో భారత రాజ్యాంగం కెనడా నమూనాను అనుసరించినదని రాజ్యాంగ పండితులు చెబుతారు. అక్కడ రాష్ట్రాల లెఫ్టినెంట్ గవర్నర్లను నియమించేది కేంద్రమే. కాని ఆచరణలో రెండు దేశాల దారులు వేరైనవి. రాష్ట్రాల చట్టాలను రద్దుచేసే అధికారాన్ని కెనడా కేంద్ర ప్రభుత్వం 1943 తరువాత వినియోగించలేదు. లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఇచ్చిన తీర్పులు రాష్ట్రాల అధికారాలను విస్తరింపజేసినవి. భూములు, అడవులు, చమురు, ఖనిజాలు రాష్ట్రాల సొత్తు. విద్య, వైద్యం, పౌర హక్కులు, ఆస్తి వ్యవహారాలు కూడా రాష్ట్రాలవే. అందువలన కార్చిచ్చును అదుపుచేయవలసిన మొదటి బాధ్యత రాష్ట్రానిదే. రాష్ట్రం కోరినప్పుడు కేంద్రం సైన్యాన్ని పంపుతుంది.

ఫ్రెంచి భాష ప్రధానంగా గల క్యూబెక్ స్థానం ప్రత్యేకమైనది. 1982 రాజ్యాంగ చట్టానికి ఆ రాష్ట్ర ప్రభుత్వం నేటికీ అధికారికంగా సమ్మతి తెలుపలేదు. సార్వభౌమత్వంపై 1980లోను, 1995లోను అక్కడ ప్రజాభిప్రాయ సేకరణ జరిగినది. రెండవసారి 50.58 శాతం మంది వ్యతిరేకంగా, 49.42 శాతం మంది అనుకూలంగా ఓటు వేసినారు. ఒక్క శాతానికి కొంచెం మించిన తేడాతో దేశం ఒక్కటిగా నిలిచినది.

ఆదివాసులు, ఉత్తర ప్రాంతం

2021 జనాభా లెక్కల ప్రకారం కెనడాలో ఆదివాసులు సుమారు 18 లక్షలమంది, అంటే జనాభాలో అయిదు శాతం. ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్, మేటీ అనే మూడు సమూహాలను రాజ్యాంగం గుర్తించినది. ఇన్యూట్‌లను ఎస్కిమోలు అని వ్యవహరించడం నేడు అవమానకరంగా పరిగణించబడుతున్నది. లక్షన్నరకు పైగా ఆదివాసీ బాలబాలికలను కుటుంబాల నుండి వేరుచేసి ఆశ్రమ పాఠశాలలలో ఉంచి, వారి భాషలను, ఆచారాలను మాన్పించిన విధానానికి 2008 జూన్ 11న నాటి ప్రధాని స్టీఫెన్ హార్పర్ పార్లమెంటులో క్షమాపణ చెప్పినారు. నిజనిర్ధారణ, సయోధ్య కమిషన్ 2015లో 94 సిఫారసులు చేసినది.

1999 ఏప్రిల్ 1న వాయవ్య ప్రాంతాల నుండి విడదీసి నునావుట్ ప్రాంతాన్ని ఏర్పాటు చేసినారు. దాని విస్తీర్ణం సుమారు 20 లక్షల చదరపు కిలోమీటర్లు. 2021 నాటి జనాభా 37 వేల లోపు. జనాభాలో అధికులు ఇన్యూట్‌లు. అక్కడి శాసనసభలో పార్టీలు లేవు. సభ్యులే ఏకాభిప్రాయ పద్ధతిలో ప్రీమియర్‌ను, మంత్రులను ఎన్నుకొంటారు. ఇక్కడి గ్రామాలను కలిపే రోడ్లు లేవు. వేసవిలో ఓడలు, మిగిలిన కాలంలో విమానాలే ఆధారం. మంచు తగ్గుతున్నకొద్దీ ఆర్కిటిక్ దీవుల మధ్యగా సాగే వాయవ్య జలమార్గానికి ప్రాధాన్యం పెరుగుతున్నది. అది తన అంతర్గత జలభాగమని కెనడా, అంతర్జాతీయ జలసంధి అని అమెరికా వాదిస్తున్నవి.

తెలుగువారికి ఉపయోగపడే అంశాలు

వీసాలు, అధ్యయన అనుమతులు, పౌరసత్వం కేంద్ర ప్రభుత్వ పరిధిలోనివి. విదేశీ విద్యార్థులను చేర్చుకొనగల విద్యాసంస్థలను గుర్తించేది రాష్ట్రాలు. కేంద్రం 2024 జనవరిలో అధ్యయన అనుమతులపై పరిమితిని ప్రకటించి, ఆ సంఖ్యను రాష్ట్రాల వారీగా కేటాయించినది. క్యూబెక్‌లో ఆరు నెలలకు మించిన చదువుకు సాధారణంగా ఆ రాష్ట్ర ప్రభుత్వ అంగీకార పత్రం కూడా అవసరం. ఆరోగ్య బీమా, డ్రైవింగ్ లైసెన్సు, ఇంటి అద్దె తగాదాలు, చాలా ఉద్యోగాలలో కనీస వేతనం రాష్ట్ర చట్టాల క్రిందకు వస్తాయి. నేరశిక్షాస్మృతి దేశమంతటికీ ఒకటే అయినా, దర్యాప్తు జరిపేది స్థానిక లేదా రాష్ట్ర పోలీసులు. కొన్ని రాష్ట్రాలలో ఒప్పందంపై కేంద్ర పోలీసు దళమే ఆ విధులు నిర్వర్తిస్తుంది. అనుమానాస్పద మరణాలపై విచారణ కూడా రాష్ట్రాధికారుల బాధ్యతే. భారత హైకమిషన్ ఒట్టావాలోను, కాన్సులేట్ జనరల్ కార్యాలయాలు టొరంటో, వాంకూవర్‌లలోను ఉన్నవి.

కనుక కెనడాకు సంబంధించిన వార్త రాసేటప్పుడు గాని, బాధిత కుటుంబం తరఫున లేఖ పంపేటప్పుడు గాని, సంఘటన ఏ రాష్ట్రంలో జరిగినది, విషయం ఏ ప్రభుత్వ పరిధిలోనిది అనే రెండింటిని ముందుగా నిర్ధారించుకొనడం అవసరం. తగిన కార్యాలయానికి మొదటిసారే చేరిన విజ్ఞప్తి వలన, వేల కిలోమీటర్ల దూరాన సమాచారం కోసం ఎదురుచూసే కుటుంబానికి ఎంతో విలువైన సమయం కలిసివస్తుంది.